పరీక్ష ఎవరికి?



పోయిన నెల స్త్రీల సమాజం కూడిక ముగిసి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతున్న వేళ, పక్క ఊరి నుంచి వచ్చిన ఒక తల్లి నా దగ్గర ఆగిపోయింది. ఆమె ఎనిమిదేళ్ళ కొడుక్కి మెదడులో గడ్డ ఉంది. పట్నంలో పెద్దాసుపత్రి వారు చేయవలసిన వైద్యమంతా చేశారు. ఇప్పుడొక కొత్త మందును పరీక్షిస్తున్నామనీ, ఇష్టమైతే అబ్బాయిని అందులో చేర్చుకుంటామనీ చెప్పి, ఇంటి దగ్గర చదువుకోమని ఒక కాగితాల కట్ట ఇచ్చి పంపారు. ఆ కట్టను ఆమె కొంగులో చుట్టి తెచ్చుకుంది.

"టీచరుగారూ, మీ మనవరాలికి కూడా ఇలాగే జరిగిందని విన్నాను. సంతకం పెట్టమంటారా, వద్దంటారా?" అని అడిగింది.

ఈ ప్రశ్నకు నేను ఒకసారి తొందరపడి జవాబు చెప్పాను. ఆ తొందరపాటు ఇప్పటికీ నా మనసులో ముల్లులా గుచ్చుతూనే ఉంది. మన కుటుంబాలలో ఏ తల్లికైనా, తాతకైనా ఉపయోగపడుతుందేమోనని ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

నేను ముప్పై రెండేళ్ళు తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా పెద్దమ్మాయి, అల్లుడుగారు అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురిని మేము చిట్టి అని పిలుచుకునేవాళ్ళం. 2018 ఫిబ్రవరిలో చిట్టికి ఆరేళ్ళు నిండాయి. పుట్టినరోజు ఫోటోలో దాని ఎడమ కన్ను కాస్త ముక్కు వైపు తిరిగి కనబడింది. "మెల్లకన్ను వస్తున్నట్లుంది, డాక్టరుకు చూపించండి" అని ఫోనులో చెప్పాను. వారం తిరక్కుండానే నడిస్తే తూలడం మొదలైంది. నవ్వితే మూతి ఒక పక్కకే పోయేది. స్కానింగ్ తీశారు.

మెదడు అడుగు భాగం నుంచి వెన్నుపాములోకి దిగే కాండంలో పాన్స్ అనే చిన్న చోటు ఉంది. మెదడుకూ ఒంటికీ మధ్య నడిచే నాడులు ఆ ఇరుకు దారి గుండానే పోతాయి. కన్ను తిప్పడం, మింగడం, నడవడం, ఊపిరి తీయడం, అన్నింటికీ దానితో పని ఉంది. చిట్టికి గడ్డ అక్కడ వచ్చింది. ఆ జబ్బు పేరు డి.ఐ.పి.జి. అన్నారు. పెద్దవాళ్ళకు అరుదు, చిన్నపిల్లలకే ఎక్కువగా వస్తుంది.

మా అల్లుడుగారిది రైతు కుటుంబం. "అత్తయ్యగారూ, ఇది కోసి తీసే గడ్డ కాదంట. వరిలో గురుగులు కలిసిపోయినట్లు కలిసిపోయింది. అది పీకితే వరి కూడా ఊడి వస్తుందంట" అని ఫోనులో భోరుమన్నారు. నేను మార్చిలో విమానం ఎక్కాను.

ఆరు వారాల పాటు ముప్పై సార్లు రేడియేషన్ ఇచ్చారు. కన్ను చక్కబడింది. నడక బాగుపడింది. మేమంతా దేవుణ్ణి స్తుతించాము. కాని డాక్టరమ్మగారు మమ్మల్ని కూర్చోబెట్టి ఉన్నదున్నట్లు చెప్పారు. ఈ మేలు కొద్ది నెలలే ఉంటుంది, గడ్డ మళ్ళీ పెరుగుతుంది, ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో చాలామంది ఏడాది దాటరు అన్నారు. చంద్రుని మీద మొదటి అడుగు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ రెండేళ్ళ కూతురు 1962 జనవరిలో ఈ జబ్బుతోనే చనిపోయిందట. ఆ పాపకూ రేడియేషనే ఇచ్చారు. ఏడేళ్ళకు ఆ తండ్రి చంద్రుని మీద నడిచి వచ్చాడు. ఇన్ని దశాబ్దాలు గడిచినా ఈ పిల్లలకు అసలు వైద్యం మాత్రం ఆ రేడియేషనే. ఎన్నో మందులు పరీక్షించారు. ఒక్కటీ నిలబడలేదు. రక్తంలో తిరిగే ప్రతి పదార్థమూ మెదడులోకి పోకుండా దేవుడు అక్కడొక కాపలా పెట్టాడు. ఆ కాపలా విషాన్ని ఆపినట్లే చాలా మందులనూ ఆపేస్తుంది.

ఇదంతా చెప్పి, ఒక కొత్త మందు పరీక్ష జరుగుతున్నదని, చిట్టిని చేర్చాలనుకుంటే ఆలోచించుకోమని, ఇరవైకి పైగా పేజీలున్న కాగితం చేతికి ఇచ్చారు.

మా అమ్మాయి నాకు తెలుగులో చెబుతుండగానే నేను లేచి నిలబడ్డాను. "ప్రయోగమా? నా మనవరాలి మీదా? దాన్ని ఎలుకను చేస్తారా? గోరుచుట్టు మీద రోకటి పోటు! వద్దంటే వద్దు" అన్నాను. మన ఊళ్ళలో ప్రయోగం అంటే చేతబడి అని కూడా అర్థం కదా. ఆ మాట వినగానే నా ఒళ్ళు జలదరించింది. అల్లుడుగారు తల వంచుకున్నారు. డాక్టరమ్మగారు ఏమీ అనలేదు. "తొందర లేదు, చదువుకోండి" అని మాత్రం అన్నారు.

ఆ రాత్రి మంచినీళ్ళకని లేచాను. రెండు గంటల వేళ మా అమ్మాయి వంటగదిలో బల్ల దగ్గర కూర్చొని ఆ కాగితం చదువుతోంది. నన్ను చూసి మెల్లగా అంది. "అమ్మా, నువ్వు వద్దన్నావు. నీ మాట ఎప్పుడూ తీసెయ్యలేదు నేను. కాని ఇందులో ఒక్క పేజీ అయినా విన్నాక వద్దన్నావా? బడిలో పిల్లలు పాఠం చదవకుండా జవాబు రాస్తే నువ్వు ఒప్పుకునేదానివా?"

నాకు మాట రాలేదు. దాని పక్కన కూర్చున్నాను. రెండు రాత్రులు అది చదివి తెలుగులో చెప్పింది, నేను విన్నాను.

ఆ మందు పేరు పానోబినోస్టాట్. పెద్దవాళ్ళ ఎముక మూలుగలో వచ్చే ఒక కేన్సర్‌కు అమెరికాలో 2015లోనే అనుమతి పొందిన మందు. ఈ పిల్లలకు ఎంత మోతాదు తట్టుకోగలరో తెలుసుకోవడమే ఈ పరీక్షలో మొదటి ప్రశ్న. కొద్దిమంది పిల్లలతో, తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. వాళ్ళకు హాని లేదని చూశాకే తరువాతి పిల్లలకు కాస్త పెంచుతారు. దీన్ని మొదటి దశ అంటారు. గడ్డ మీద పనిచేస్తుందా అని పట్టి చూసేది రెండో దశలో. ఇప్పుడున్న వైద్యం కంటే మెరుగా అని ఎక్కువ మందిలో పోల్చి చూసేది మూడో దశలో. ఏయే బాధలు రావచ్చో వరుసగా రాశారు: వాంతులు, విరేచనాలు, నీరసం, ప్లేట్‌లెట్లు పడిపోవడం. ఏ రోజైనా మానుకోవచ్చు, మానుకున్నా మామూలు వైద్యం ఆగదు అని రాశారు. ఒక పేజీలో విడిగా ఈ భావం ఉంది: ఈ పరీక్ష వలన మీ బిడ్డకు మేలు కలగకపోవచ్చు, దీనివల్ల తెలిసేది ముందు ముందు వచ్చే పిల్లలకు ఉపయోగపడవచ్చు.

ఆ వాక్యం దగ్గర మా అమ్మాయి గొంతు ఆగిపోయింది. నాకు మాత్రం అక్కడే మొదటిసారి ఆ కాగితం మీద నమ్మకం కలిగింది. మోసం చేసేవాడు మేలు జరగకపోవచ్చని రాసి ఇవ్వడు.

అప్పుడు నాకు నా తరగతి గది గుర్తుకొచ్చింది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి నేను ఏటేటా పిల్లలకు గర్వంగా చెప్పేదాన్ని. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనలో అమినోప్టెరిన్ అనే మందు తయారైంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త కేన్సర్ వచ్చిన చిన్నపిల్లలకు దాన్ని ఇచ్చాడు. 1948లో ఆయన ప్రచురించిన లెక్క ఇది: 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి జబ్బు నెమ్మదించింది. అది తాత్కాలికమే, జబ్బు తిరిగి వచ్చింది. ఆ దారినే మెథోట్రెక్సేట్ వచ్చింది, దాని తరువాత ఎన్నో మందులు కలిశాయి. మంచి వైద్యం అందిన చోట్ల ఈ రోజు రక్త కేన్సర్ పిల్లలు ఎక్కువమంది బతికి పెద్దవాళ్ళవుతున్నారు.

సుబ్బారావుగారి పేరు నేను వందసార్లు చెప్పి ఉంటాను. ఆ పదహారుమంది పిల్లల సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు. వాళ్ళకూ తల్లులున్నారు. వాళ్ళ అమ్మమ్మలలో ఎవరైనా నాలాగే లేచి నిలబడి "నా మనవరాలి మీదా?" అని ఉంటుంది. వాళ్ళు అందరూ వద్దనుకుంటే నేను చెప్పడానికి ఆ పాఠమే ఉండేది కాదు.

మర్నాడు డాక్టరమ్మగారిని ఒకటే అడిగాను. "ఇన్ని మందులుండగా ఈ మందే ఎందుకు?" ఆమె ఓపికగా చెప్పారు. ఈ గడ్డను కోసి తీసే వీలు లేదు కాబట్టి చాలాకాలం శాస్త్రజ్ఞుల చేతికి దాని ముక్క కూడా దొరకలేదు. తెలియని శత్రువు మీద చీకట్లో రాళ్ళు వేసినట్లే ఉండేది వైద్యం. తరువాత కొందరు తల్లిదండ్రులు బిడ్డ చనిపోయాక ఆ గడ్డను పరిశోధనకు ఇచ్చారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మిషెల్ మోంజె అనే డాక్టరు, ఆమె తోటివారు అలాంటి గడ్డలోని కణాలను గాజుపాత్రలో బతికించి పెంచగలిగారు. 2011లో ఆ సంగతి ప్రచురించారు. 2012లో ఈ గడ్డల్లో చాలా వాటిలో ఒకే రకమైన జన్యు మార్పు ఉందని తేలింది. పిల్లల గడ్డల నుంచి పెంచిన కణాల మీద 83 మందులు ఒక్కొక్కటిగా వేసి చూశారు. పనిచేసినవి కొన్నే. వాటిలో ముందు నిలిచింది ఈ మందు. ఎలుకలలో కూడా చూశాక, 2015లో ఆ ఫలితం ప్రకటించి, ఆ తరువాతే పిల్లల దగ్గరికి తెచ్చారు.

అమ్మాయి, అల్లుడుగారు సంతకం పెట్టారు. నేను అడ్డు చెప్పలేదు.

చిట్టి మందు తీసుకున్న ప్రతి రోజూ కేలండరు మీద ఒక నక్షత్రం బిళ్ళ అంటించేది. అస్తమానం రక్తం తీసేవారు. సూది చూస్తే ఏడిచేది, తరువాత ఊరుకునేది. మూడో నెలలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి. డెంగ్యూ జ్వరంలో పడిపోతాయని మనం భయపడతామే, అవే. మందు ఆపారు, తగ్గించి మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ పడిపోయాయి. అంతటితో పరీక్ష నుంచి తప్పించారు.

ఆ రోజు చిట్టి కేలండరు దగ్గర నిలబడి, "అమ్మమ్మా, నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగింది. నేను దాన్ని దగ్గరికి తీసుకున్నానే గాని జవాబు చెప్పలేకపోయాను. తరువాతి వారం అదే ప్రశ్న అది డాక్టరమ్మగారిని అడిగింది. ఆమె వంగి దాని కళ్ళలోకి చూస్తూ చెప్పారు. "పరీక్ష నీకు కాదమ్మా, మందుకు. నువ్వు చేయవలసినదంతా చేశావు. పరీక్ష తప్పింది మందు."

ముప్పై రెండేళ్ళు పరీక్షలు పెట్టిన నాకు ఆ మాట అప్పటిదాకా తట్టలేదు.

వీసా గడువు అయిపోయి సెప్టెంబరులో ఇంటికి వచ్చాను. డిసెంబరులో మళ్ళీ వెళ్ళేసరికి చిట్టి మంచం మీద ఉంది. మాట పోయింది, చూపు మాత్రం అందరినీ గుర్తుపడుతోంది. అప్పుడే డాక్టరమ్మగారు ఎంతో మెల్లగా ఆ రెండో మాట అడిగారు. బిడ్డ వెళ్ళిపోయాక గడ్డను పరిశోధనకు ఇవ్వగలరా? కాదన్నా ఎవరూ ఏమీ అనుకోరు అని కూడా అన్నారు.

ఈసారి అమ్మాయి, అల్లుడుగారు ఇద్దరూ నా వైపు చూశారు. నేను వెంటనే వద్దనలేదు. అలాగని సరే అనడానికి కూడా మనసు రాలేదు. పునరుత్థానమును నమ్మిన వాళ్ళం. బిడ్డను పూర్తిగా భూమిలో పెట్టకపోతే ఎలా అని లోపల గుబులు. ఊళ్ళో మన అయ్యగారికి ఫోను చేశాను. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "అమ్మా, సముద్రంలో మునిగిపోయినవారిని, మంటలో కాలిపోయినవారిని దేవుడు మరచిపోతాడా? నిండు శరీరం పెట్టినా చివరకు మన్నే కదా. ఆయనకు పోగుచేయడం తెలుసు. మీరు ప్రేమతో ఇస్తే ప్రేమతోనే ఇవ్వండి, భయంతో మాత్రం వద్దనకండి" అన్నారు.

మా చిట్టి 2019 జనవరిలో ఒక తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించింది. కొద్ది గంటలలోనే కణాలు తీయాలి. ఆసుపత్రి వారు తల వెనుక వైపు నుంచే తీశారు. ముఖం చెక్కుచెదరలేదు. మేము తెల్లగౌను వేసి, జడ అల్లి, రిబ్బను కట్టి పంపాము. ఆ కాగితం మీద అమ్మాయి, అల్లుడుగారి సంతకాలకు ముందు, "పెట్టండమ్మా" అన్నదాన్ని నేనే.

కొన్ని నెలల తరువాత ఒక ఉత్తరం వచ్చింది. కణాలు బతికాయని, పెరుగుతున్నాయని. పేరు లేదు, ఒక అంకె మాత్రం ఉంది. మా అమ్మాయి ఆ అంకెను బైబిలులో రాసుకుంది.

2023లో పానోబినోస్టాట్ పరీక్ష ఫలితం ప్రచురించారు. పిల్లలు ఎంత మోతాదు తట్టుకోగలరో తేలింది. కాని ఆ మోతాదులో గడ్డను ఆపినట్లు కనబడలేదు. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సయించలేదు. అన్ని సూదులూ, అన్ని నక్షత్రాలూ వృథాయేనా అనిపించింది. మా అమ్మాయే నన్ను ఓదార్చింది. "వృథా కాదమ్మా. ఈ దారి ఇలా ముగిసిందని రాసిపెట్టారు కాబట్టి, ఇంకో బిడ్డ ఉన్న కొద్ది నెలలనూ ఇదే దారిలో పోగొట్టుకోదు" అంది.

2025 ఆగస్టులో మళ్ళీ దాని ఫోను వచ్చింది. ఎఫ్.డి.ఎ. అనే అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ డోర్డావిప్రోన్ అనే మందుకు అనుమతి ఇచ్చింది. చిట్టికి వచ్చిన జాతి గడ్డల్లో, 2012లో కనుక్కున్న ఆ జన్యు మార్పు ఉండి, వైద్యం తరువాత తిరిగి పెరిగిన వాటికి ఇలా అనుమతి పొందిన మొదటి మందు ఇదే. ఏడాది దాటిన పిల్లల నుంచి పెద్దల దాకా ఇవ్వవచ్చు. ఎంతమేరకు పనిచేస్తుంది? పరీక్షించిన 50 మందిలో 22 శాతం మందికి, అంటే 11 మందికి గడ్డ తగ్గింది. మిగిలినవారికి అలా తగ్గలేదు. పెద్ద పరీక్షలో మేలు రుజువు కావలసే ఉంది. ఇది మా చిట్టి కణాల వలన వచ్చిందని నేను చెప్పను, అది నిజం కాదు. అయినా గోడలాగా ఉన్న చోట ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. అది దుఃఖం ఒక్కటే కాదు.

మెదడు గడ్డలన్నీ చిట్టికి వచ్చినంత కఠినమైనవి కావు. ఈ మాట తల్లిదండ్రులు తప్పక గుర్తుంచుకోవాలి. నెమ్మదిగా పెరిగే కొన్ని గడ్డలకు పరీక్షలలో గెలిచిన మందులు వచ్చాయి. ఒక జన్యు మార్పు ఉన్న అలాంటి గడ్డలకు డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అనే రెండు మందులు కలిపి ఇస్తే 100 మందిలో 47 మందికి గడ్డ తగ్గింది. పాత మందులతో 11 మందికే తగ్గింది. 2023లో వాటికి, 2024లో టోవోరాఫెనిబ్ అనే ఇంకో మందుకు అమెరికాలో పిల్లలకు అనుమతి వచ్చింది. పిల్లలకు పొద్దున్నే తలనొప్పితో వాంతులవుతున్నా, కొత్తగా మెల్లకన్ను వచ్చినా, నడక తూలుతున్నా, మూతి ఒక పక్కకు పోతున్నా, దిష్టి అనో గాలి అనో రోజులు గడపక పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

ఇక ఆ తల్లికి నేనేమి చెప్పాను? సంతకం పెట్టమని చెప్పలేదు, వద్దని చెప్పలేదు. "ఈ రాత్రికి మా ఇంట్లో ఉండమ్మా, కలిసి చదువుదాం" అన్నాను. కాగితం తెలుగులోనే ఉంది. ఒక్కొక్క పేజీ చదివి, ఆమెకు అర్థమైందేమిటో ఆమె నోటితోనే చెప్పించాను. అర్థం కానివన్నీ నోటు పుస్తకంలో ప్రశ్నలుగా రాశాము. ఇది ఎన్నో దశ? ఈ మందు ఇంతకు ముందు ఎంతమంది పిల్లలకు ఇచ్చారు, ఏమైంది? ఏ బాధలు వస్తే వెంటనే ఎవరికి ఫోను చేయాలి? చేరకపోతే మీరు చేసే వైద్యం ఏమిటి? వారం వారం వచ్చిపోవడానికి బస్సు ఖర్చు ఎవరిది?

మన దేశంలోనూ దీనికి చట్టం ఉంది. 2019లో వచ్చిన నియమాల ప్రకారం ప్రతి పరీక్షనూ ఒక నైతిక సంఘం ముందుగా చూసి ఒప్పుకోవాలి. అందులో డాక్టర్లతో పాటు సామాన్యులు కూడా ఉండాలి. పరీక్షను ప్రభుత్వ రిజిస్టరులో నమోదు చేయాలి. మందు వలన హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. తల్లిదండ్రులు ఎప్పుడు కావాలంటే అప్పుడు బిడ్డను తప్పించవచ్చు. ఏడేళ్ళు దాటిన బిడ్డకు అర్థమయ్యేలా చెప్పి, దాని ఇష్టం కూడా అడగాలి. ఈ మాట చెప్పగానే ఆమె తలెత్తి, "వాణ్ణి నేను అడగనే లేదండి" అంది.

మర్నాడు ఉదయం మొదటి బస్సుకు వెళ్ళింది. నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం మడిచి కట్ట పైన పెట్టుకుంది. ఆమె ఏమి నిర్ణయించుకుంటుందో నాకు తెలియదు. ఏది నిర్ణయించుకున్నా చదివి, అడిగి, బిడ్డతో చెప్పి నిర్ణయించుకుంటుంది. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వెళ్ళి ఒక్క మాట మాత్రం చెప్పాను. "అబ్బాయికి చెప్పమ్మా, పరీక్ష వాడికి కాదు, మందుకు."